రాపిడి చెట్టు

బావకి,

కాలు ఎలా ఉందని అడగడంతోనే మొదలుపెట్టాలి కదా, అడుగుతున్నాను. కట్టులోపల దురద పెడుతుంటే అల్లిక సూది దూర్చి గోక్కుంటున్నావట, వదిన చెప్పింది. ఆ పని మానెయ్. ఫోనులోనే తిట్టేదాన్ని గాని నీ ఫోను మీ అక్క కొంగున ముడేసి ఉంది, ఎప్పుడు చేసినా ఆవిడే ఎత్తుతుంది. నా ఫోనుకేమో అడవి దాటితే గాని సిగ్నలు రాదు. అందుకే కాగితం తీశాను. అసలు ఇందులో రాయబోయేవి వదిన వింటూ ఉండగా చెప్పగలిగినవి కూడా కావు.

పని సాగుతోంది. నువ్వు కోసి పడుకోబెట్టిన దుంగలు సగం దాకా రోడ్డుకి చేర్చాను. పీత బాగానే ఉంది. దాని చేతి దగ్గర నూనె కారుతుంటే వాషరు మార్చాను. మొన్న నా గది కింద టైర్ల షాపాయన దాన్ని చూసి, "ఇదేం బండి అమ్మా, నడుం దగ్గర విరిగినట్టు వంగుతోంది?" అన్నాడు. కాగితాల మీద ఫార్వార్డరని ఉంటుంది, మేం పీత అంటాం అని చెప్పాను. కొట్టిన దుంగల్ని నేల మీద ఈడవకుండా, చేత్తో ఎత్తి వీపు మీద వేసుకుని, చెట్ల సందుల్లోంచి మెలికలు తిరుగుతూ బయటికి తెస్తుందన్నాను. "పెద్ద ట్రాక్టరైతే ఒక్క రోజులో తెచ్చేది కదా" అన్నాడు. తెచ్చేదే. కానీ ఆ బరువుకి నేల బండలా బిగుసుకుపోయి, మిగిలిన చెట్ల వేళ్ళకి ఊపిరాడదు. ఇవేమో గట్టిచెక్క చెట్లు, ఒక మనిషి నాటితే మనవడు కొట్టుకోవాల్సినవి. ఇదంతా నువ్వు నాకు నేర్పిన పాఠం, నేను ఆయనకి అప్పజెప్పాను. ఆయన ఆవలించాడు.

తడి పల్లం దగ్గర బండి దిగబడకుండా కొమ్మల పరుపు మళ్ళీ వేశాను. ఇదివరకు కొమ్మలు నువ్వు పరిచేవాడివి, నేను దర్జాగా సీట్లో కూర్చుని "అటు పల్చగా ఉంది, ఇటు వెయ్యి" అని పురమాయించేదాన్ని. ఇప్పుడు నేనే దిగి, పరిచి, మళ్ళీ ఎక్కి నడపాలి. సాయంత్రానికి మోకాళ్ళు నావి కావు. దానికి బాధ లేదు.

బాధ ఎక్కడంటే మలుపు దగ్గర. అక్కడ నువ్వు వదిలిన రాపిడి చెట్టు ఉంది కదా, రోజంతా దాన్ని రాసుకుంటూనే తిరుగుతున్నాను. నేను ఈ పనికొచ్చిన కొత్తలో, పెయింటు గుర్తు ఉన్నా ఈ వంకర చెట్టుని ఎందుకు కొట్టలేదని అడిగితే ఏమన్నావో గుర్తుందా? బండి మలుపు తిరిగేటప్పుడు వెనక తొట్టి లోపలికి కోసుకొస్తుంది, ఏదో ఒక చెట్టుకి ఒరుసుకోక తప్పదు, మంచి చెట్టుకి ఒరుసుకుంటే బెరడు ఊడి ఎప్పటికో పుచ్చు పడుతుంది, అందుకని ఎలాగూ పోయే చెట్టొకదాన్ని అక్కడ ఉంచుతాం, దెబ్బలన్నీ అదే తింటుంది, ఆఖరి లోడు దాటాక దాన్నీ పడేస్తాం అన్నావు. నేను "పాపం" అన్నాను. "పాపమేముంది, దాని పనే అది" అన్నావు. నవ్వుకున్నాం కూడా.

బావా, ఆ రోజు సంగతి ఒకసారి ఉన్నదున్నట్టు రాస్తాను, కాదంటే కాదని చెప్పు. పీత చెయ్యి ఆడుతుంటే దాని అందుబాటులోకి మనిషి రాకూడదు. రావాలంటే నాకు కనబడే చోట నిలబడి రెండు చేతులూ పైకెత్తాలి. నేను లివర్లు వదిలి, నా చేతులు రెండూ అద్దంలోంచి చూపించాలి. అప్పుడే అడుగు వెయ్యాలి. ఈ రూలు నువ్వు పెట్టిందే. ఆ రోజు మబ్బు పట్టిందని తొందరపడి, పోగు వెనకనించి, నాకు కనబడని వైపునించి వచ్చి, ఇరుక్కున్న దుంగని కాలితో తన్నావు. నేను పై దుంగ ఎత్తుతున్నాను. కిందిది దొర్లింది. నేను దూకి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని, "తప్పు నాదేనే, చేతులెత్తలేదు" అన్నావు. ఆ మాట చెట్లు విన్నాయి, నేను విన్నాను.

ఆసుపత్రిలో మీ అక్క వచ్చి, "ఇది చూసుకోకుండా ఎత్తేసిందా?" అని నన్ను చూపించి అడిగితే నువ్వు కళ్ళు మూసుకున్నావు. నొప్పి అనుకున్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ మూసుకున్నావు. అప్పటికి నొప్పి తగ్గిందని నర్సు చెప్పింది. ఇప్పుడు మీ వాళ్ళందరికీ నేను మొగుడి కాలు విరగ్గొట్టినదాన్ని. నాకు చాలా కష్టంగా ఉంది బావా. రోడ్డు మీద దుంగలు పేరుస్తుంటే ఏడుపొస్తోంది, హెల్మెట్ జాలీ అడ్డొచ్చి కళ్ళు తుడుచుకోవడం కూడా కుదరదు.

నేనేమీ పెద్ద కోరిక కోరడం లేదు. మీ అక్కతో ఒక్క మాట చెప్పు. "అది చూసుకునే ఎత్తింది, నేనే రూలు తప్పాను." అంతే. ఆఖరి లోడు బయటపడేలోగా చెప్పు.

సూది దూర్చకు.

నీ
డ్రైవరమ్మ

*

బావకి,

నీ ఉత్తరం అందింది. ఏ పేజీలో ఉంటుందోనని ఆ మాట కోసం వెతుక్కున్నాను. కాలి గురించి ఉంది, డాక్టరు గురించి ఉంది, పక్కింటి కుక్క గురించి కూడా ఉంది. ఆఖర్న ఉన్నదేమిటంటే, "అక్క చెప్పేదీ ఆలోచించదగ్గదే, నువ్వు కొన్నాళ్ళు బండి దిగు, అక్క అల్లుడు నడుపుతాడు, నీకూ విశ్రాంతి" అని.

విశ్రాంతా? నేనెప్పుడు అడిగాను?

ఆ అల్లుడుగారు నీ ఉత్తరం కంటే ముందే దిగాడు. మంచివాడే, పాపం, అతన్ననడానికేం లేదు. బండి చుట్టూ తిరిగి, "బొమ్మలా ఉందే అత్తా!" అన్నాడు. నా సీట్లో ఎక్కి కూర్చున్నాడు. కాళ్ళు పొడుగు కదా, కింద మర తిప్పి సీటు బాగా వెనక్కి జరిపేశాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను. బండి పోతోందంటే ఏమీ అనిపించలేదు గాని, సీటు అలా వెనక్కి పోతుంటే తెలియకుండానే ఒక అడుగు ముందుకేశాను. తడి పల్లం చూసి, "ఈ కొమ్మలూ అవీ పరుచుకుంటూ కూర్చుంటే పండక్కి గాని తెమలదు, బండి నేరుగా తోలేద్దాం" అన్నాడు. అతను వెళ్ళాక సీటు ముందుకి లాక్కుని, మర గట్టిగా బిగించాను.

ఇంకోటి. అడవి గల పెద్దాయన రోజూ చేతికర్రతో వచ్చి మిగిలిన చెట్ల మొదళ్ళు తడిమి చూసుకుంటాడని నీకు తెలుసు. నిన్న ఉదయం ఒక చెట్టు దగ్గర ఆగి పిలిచాడు.

"ఇక్కడ గీత పడింది."

"అది పాతదండీ. జింక కొమ్ము రుద్దుకుంది. మా తొట్టి అంత ఎత్తు తగలదు" అన్నాను.

ఆయన నా మాట నమ్మినట్టే తలాడించాడు. తర్వాత ఎటో చూస్తూ, "ఏమో అమ్మా. కట్టుకున్న మొగుణ్ణే చూసుకోలేకపోయావు. నా చెట్లని చూసుకుంటావని ఏం నమ్మకం?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వాన పడేట్టుంది అన్నట్టు అన్నాడు. అవతలి సగం అడవి పని వచ్చే ఏటికి వేరేవాళ్ళకిస్తానని కూడా చెప్పి వెళ్ళిపోయాడు.

నా నోటిదాకా వచ్చింది బావా. "తప్పు నాది కాదండీ, ఆయనదే" అందామని. నాలుక కరుచుకున్నాను. ఎందుకో తెలుసా? నేను చెబితే మొగుడి మీదకి తోసేసింది అంటారు. అది నీ నోట్లోంచి రావాల్సిన మాట. నా నోట పనికిరాదు, నీ నోట మాత్రమే పనికొచ్చే మాట అది. నువ్వేమో అక్కడ కుక్కిన పేనులా పడున్నావు.

నేను నీ మీద ప్రేమతో ఓర్చుకుంటున్నానని మొదట్లో అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. మలుపులో నిలబెట్టింది నన్ను. మీ పరువు, మీ అక్క ప్రేమ, పెద్దాయన దగ్గర నీ మాట, అవన్నీ మంచి చెట్లు. వాటికి గీత పడకూడదు. దాని పనే అది, అన్నావు కదా.

కాబట్టి నేనూ ఒకటి అనుకున్నాను. రేవు దగ్గర దుంగల యార్డులో క్రేను నడపడానికి మనిషి కావాలట, వెళ్ళి మాట్లాడొచ్చాను. నడిపి చూపించమన్నారు, చూపించాను. ఎప్పుడొస్తావు అన్నారు. ఇక్కడ ఆఖరి లోడు బయటికి తెచ్చాక అన్నాను. ఆ రోజున తాళాలు టైర్ల షాపాయనకిచ్చి వెళ్ళిపోతాను. అల్లుడుగారు వచ్చి తీసుకోవచ్చు. రాపిడి చెట్టు మాత్రం నేను కొట్టను, ఎవరో ఒకరితో కొట్టించుకో.

అలిగి రాస్తున్నానని అనుకోకు. అలిగితే నీకు తెలుసు, నేను రాయను, గిన్నెలు విసురుతాను.

నీ భార్య

*

డ్రైవరమ్మకి,

నీ ఉత్తరం చదివి ఇప్పటికి చాలాసార్లు పెన్ను పట్టుకున్నాను. నాకు నీలాగా రాయడం చేతకాదు. కోసేవాణ్ణి, పేర్చేవాణ్ణి కాదు.

నువ్వు రాసిందాంట్లో ఒక్క అక్షరం కాదనలేను. చేతులెత్తలేదు. నువ్వు చూసుకునే ఎత్తావు. అక్క అడిగినప్పుడు చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడు నువ్వు రాకముందు లోడింగు చేసిన మనిషి గుర్తొచ్చాడు, కుంటోడు అని పిలిచేవాళ్ళం, కాలు ఈడ్చేవాడు. అతను ఒకసారి చేతులెత్తకుండా వచ్చాడని అందరి ముందూ అరిచి, అక్కడికక్కడే పనిలోంచి పంపేశాను నేను. అతనేదో చెప్పబోతే వినలేదు. "ప్రాణం మీద తీపి లేనివాడు నా దగ్గర వద్దు" అన్నాను. పెద్దాయన అప్పుడు అక్కడే ఉన్నాడు. శభాష్ అన్నాడు. ఆ శభాష్ పట్టుకునే ఇన్నాళ్ళూ ఆయన పని ఇస్తున్నాడు. ఇప్పుడు నేనే ఆ పని చేశానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇది నీకు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది.

నువ్వు వెళ్ళిపోతాననకు. నాకు భయంగా ఉంది. నేనొక ఉపాయం ఆలోచించాను. నువ్వే అక్కకి ఒక ఉత్తరం రాయి. జరిగింది జరిగినట్టు రాసెయ్, దాచకు. ఆవిడ వచ్చి నన్నడుగుతుంది. అప్పుడు నేను కాదనను. అవునన్నట్టు తలూపుతాను. ఒట్టు.

సూది వదిన లాక్కుంది. అదే, నీ వదిన.

నీ
బావ

*

బావకి,

నీ ఉపాయం చదివి పీత మీద కూర్చుని పగలబడి నవ్వాను. ఆ తర్వాత నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు.

నువ్వు పడుకున్న గదికీ మీ అక్క వంటింటికీ మధ్య ఉన్నది ఒక గోడ. ఆ గోడ అవతలికి మాట చేరాలంటే నేను ఇక్కడ, ఇంత దూరాన, దుంగలు దించి, చేతులు కడుక్కుని, ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, బస్సెక్కించి పంపాలా? నువ్వు తలూపుతావా? చాలా శ్రమ కదా, మెడ నొప్పెట్టదూ?

రాయను బావా. నీకు సిగ్గుగా ఉందని రాశావు చూడు, ఆ ఒక్క ముక్కకే నీ మీద ప్రేమ పొంగింది, అది నిజం. ఇన్నాళ్ళకి నీ గొంతు వినబడింది. కానీ ప్రేమ పొంగిందని నీ బదులు నేను మాట్లాడను. ఆ లోడింగు మనిషికి జరిగింది నాకు తెలియదు, ఇప్పుడే తెలిసింది. అతను ఏదో చెప్పబోతే నువ్వు వినలేదన్నావు. నిన్నెవరూ అలా పంపెయ్యరు, నీకు వినడానికి మనుషులున్నారు. అదైనా గుర్తుంచుకో.

ఇంకా లోపలున్నది ఒక్క లోడే. గురువారం అది కూడా బయటికొస్తుంది. వాన పడకపోతే.

నువ్వు చెప్పినా చెప్పకపోయినా గురువారం ఆగదు.

నీ
డ్రైవరమ్మ

*

వదినకి,

మీరు రాసిన నాలుగు ముక్కలూ నిన్ననే అందాయి. బావ వంటింటి గుమ్మంలో కర్రల మీద నిలబడి చెప్పాడని, మీరు కూర కలుపుతూ "చాలు ఆపరా" అన్నా ఆపలేదని, అన్నదంతా అన్నాక అక్కడే పీట మీద కూలబడ్డాడని రాశారు. "నిన్నన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని రాయడం నాకు చేతకాదు, వచ్చినప్పుడు భోజనానికి రా" అని కూడా రాశారు. వస్తాను వదినా. మీరు ఒంటికాలి మీద లేచిన రోజుల్లో కూడా మీ చేతి వంట మీద నాకు కోపం లేదు.

కానీ మీరు ఉత్తరం పోస్టు చేసి ఊరుకోకుండా మీ తమ్ముణ్ణి కూడా జీపెక్కించి పంపారని నాకు తెలియదు. గురువారం ఏం జరిగిందో మీకు చెప్పాలి. ఆయన చెప్పడు, చెప్పినా సగమే చెబుతాడు.

నేను ఆఖరి లోడు ఎత్తుతున్నాను. పెద్దాయన దూరంగా కర్ర ఆనించుకుని చూస్తున్నాడు. చెట్ల మధ్యనించి ఎవరో కుంటుకుంటూ రావడం కనబడింది. మీ తమ్ముడే. తిన్నగా పీత ముందుకొచ్చి, నాకు బాగా కనబడే చోట ఆగాడు. నేను పీత చెయ్యి ఆడిస్తూనే ఉన్నాను. ఆగమని కేకేస్తాడేమో అనుకున్నాను. కేకెయ్యలేదు. రెండు చేతులూ పైకెత్తడానికి చూశాడు. కర్రలు చంకల్లో ఉంటే చేతులెలా లేస్తాయి? ఒక్క క్షణం ఆలోచించి, రెండు కర్రలూ కిందకి వదిలేశాడు. వదిలేసి, కట్టున్న కాలు గాల్లో పెట్టుకుని, ఒంటికాలి మీద ఊగుతూ, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు.

వదినా, నన్ను తిట్టుకోండి, నేను వెంటనే లివర్లు వదల్లేదు. కావాలనే పట్టుకున్న దుంగ తీసుకెళ్ళి తొట్టిలో పెట్టాను, నిదానంగా సర్దాను. ఆయన పడిపోతాడేమోనని కళ్ళు మాత్రం అటే ఉన్నాయి. ఆయన చేతులు దించలేదు. అప్పుడు లివర్లు వదిలి, నా చేతులు రెండూ అద్దంలోంచి చూపించాను.

పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చి కర్రలు అందిస్తూ, "ఏమిటయ్యా ఈ సర్కసు?" అన్నాడు.

బావ ఆయన వైపు తిరిగి, "ఆ రోజు నేను ఇది చెయ్యలేదండీ. అందుకే కాలు విరిగింది. మా ఆవిడ చూసుకునే ఎత్తింది. ఇదే తప్పుకి మీ ముందు ఒక మనిషిని పనిలోంచి పంపేశాను, అతన్ని కూడా వెతకాలి" అన్నాడు.

పెద్దాయన నా వంక చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత దారి పొడుగునా కర్రతో కొమ్మల పరుపు పొడుచుకుంటూ, నేల చూసుకుంటూ మలుపు దాకా నడిచాడు. మేం వెనకే వెళ్ళాం. రాపిడి చెట్టు దగ్గర ఆగి, దాని ఒళ్ళంతా తడిమాడు. ఒక పక్క బెరడన్నదే లేదు దానికి.

"అవతలి సగం కూడా నువ్వే చెయ్యమ్మా. దారి ఇదే. ఈ చెట్టు ఉంచెయ్, వచ్చే ఏడూ పనికొస్తుంది. దెబ్బలకి అలవాటు పడిపోయింది."

"అలవాటు పడలేదండీ. నిలబడింది, అంతే" అన్నాను.

ఆయనకి నా మాట అర్థమైందో లేదో తెలియదు. బావకి అర్థమైంది. తల వంచుకుని, "ఇది పడేద్దామండీ. మలుపు పెద్దది చేద్దాం. ఇంకాస్త చుట్టు తిరగాలి, టైము పడుతుంది. కానీ ఏ చెట్టూ దెబ్బలు తినక్కర్లేదు" అన్నాడు. దాని పనే అది అన్న మనిషే ఈ మాట అన్నాడు వదినా. నేను ఆయన మొహం వంక చూడలేకపోయాను.

రంపం నేనే పట్టుకున్నాను. ఆయన దూరంగా మొద్దు మీద కూర్చుని ఎక్కడ గాటు పెట్టాలో చెప్పాడు. బెరడు ఊడిన చోట ఇసుకా మట్టీ పట్టేసి ఉంది, రంపం పళ్ళు మొద్దుబారిపోయాయి, మధ్యలో ఆపి సాన పెట్టుకోవాల్సొచ్చింది. చెట్టు పడ్డాక ఆయన ఏడ్చాడు. నేను ఊరుకోబెట్టలేదు, పక్కన కూర్చున్నాను.

ఇక్కడితో అంతా సర్దుకుందని మీకు రాయాలని ఉంది, రాయలేను. ఆయన కళ్ళు మూసుకున్న ఆ రెండు సార్లూ నాకు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. యార్డు వాళ్ళకి రానని చెప్పలేదు, వస్తాననీ చెప్పలేదు. బావ అడగలేదు. అడిగితే చెబుతాను. అడగడానికి ఆయనకి ధైర్యం వచ్చేదాకా ఆగుతాను, ఇప్పటికి అంతవరకే అనుకున్నాను.

మీ అల్లుడుగారికి మాత్రం ఒక మాట చెప్పండి. పని కావాలంటే రమ్మనండి, కొమ్మలు పరవడానికి మనిషి కావాలి. సీటు మాత్రం నా కాళ్ళకి సరిపోయేలా బిగించేశాను, ఆ మర ఇక తిరగదు.

మీ మరదలు,
పీత డ్రైవరు